లక్సర్ బెలూన్ ప్రయాణం: వేళ, గాలి, బరువు, దిగుడు. మన ఖిల్లాల మీద ఎగరేసే వీలుందా?

పానగల్ చెరువుకట్ట:
అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి పదకొండు మంది డిసెంబర్ చివర్ల ఈజిప్టుకు పోతున్నరు. లక్సర్‌ల తెల్లారగట్ల వేడిగాలి బెలూన్ ఎక్కి పాత గుళ్లను పైనుంచి చూడాలని అందరి ఆశ. అరవై దాటినోళ్లు నలుగురున్నరు. ఒకామెకు మోకాలి చిప్ప మార్పిడి అయ్యి ఐదు నెలలు. పిల్లలు ఇద్దరు, ఒకరికి తొమ్మిదేండ్లు, ఇంకొకరికి ఐదు. ఏ వేళకు ఎక్కుడు, ఎవరిని ఎక్కించుకోరు, రద్దయితే ఏం చెయ్యాలె, భద్రతకు ఏం చూసుకోవాలె, ఇవి కావాలె. ఇంకో ముచ్చట: మన పానగల్లు గుళ్లు, దేవరకొండ ఖిల్లా, నాగార్జునకొండ మీదుగ ఇసొంటిది నడిపే వీలుందా? తెలిసినోళ్లు వివరంగ రాయండి.

ఖిల్లా ఘణపురం:
ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. బెలూన్‌కు చుక్కాని లేదు. పైలట్ చేతిలో ఉన్నవి రెండే: గ్యాస్ మంట కొట్టే బర్నర్ తెరిస్తే పైకి పోతది, బెలూన్ నెత్తిన ఉన్న మూత లాగితే కిందికి వస్తది. పక్కకు తిప్పేది గాలే. ఎత్తును బట్టి గాలి దిక్కు మారుతుంది కాబట్టి కావలసిన దిక్కు ఉన్న పొర కోసం పైలట్ ఎక్కుతూ దిగుతూ వెతుకుతాడు. అందుకే "హత్‌షెప్సుత్ రాణి గుడి మీదనే తిప్పుతాం" అని ఎవరైనా మాట ఇస్తే నమ్మొద్దు. నైలు లోయలో ఉత్తరపు గాలి ఎక్కువ. ఒకరోజు కొండల అంచుకు దగ్గరగా పోతుంది, ఇంకోరోజు చెరకు తోటల మీదుగా నదివైపు జారుతుంది.

లక్సర్‌లో ఎగిరేది నైలు పడమటి ఒడ్డు నుంచి. హోటళ్లు ఎక్కువగా తూర్పు ఒడ్డున ఉంటాయి కాబట్టి చీకట్లోనే తీసుకుపోయి పడవలో నది దాటిస్తారు. డిసెంబర్‌లో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. మొదటి విడతలో ఎక్కితేనే గాలిలో ఉండగా పొద్దు పొడుస్తుంది. రెండో విడత వాళ్లకు ఎండ వచ్చాక ఎగురుడు. బుక్ చేసేటప్పుడు "మొదటి విడతేనా" అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

లక్సర్‌లో దిగిన మర్నాటి పొద్దుటికే బుక్ చేయండి, చివరి రోజుకు పెట్టుకోకండి. గాలి బాగా లేదని రద్దయితే ఇంకో రెండు పొద్దులు చేతిలో ఉండాలి. రద్దయితే పూర్తి సొమ్ము తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

ఏటిగడ్డ గద్వాల:
పైన ఏమేం కనిపిస్తాయో కూడా చెప్పుకోవాలి. రోడ్డు పక్కనే మెమ్నోన్ విగ్రహాలు రెండు, ఒక్కొక్కటి దాదాపు 18 మీటర్లు. అవి ఈజిప్టు రాజు మూడో ఆమెన్‌హోటెప్‌వి. వాటి వెనక ఆయన కట్టించిన గుడి ఇప్పుడు దాదాపు నేలమట్టం. కింద నిలబడితే మైదానంలా కనిపిస్తుంది, పైనుంచి చూస్తేనే ఆ గుడి ఎంత మేర ఉండేదో అంచనా దొరుకుతుంది. దక్షిణాన మూడో రామ్సెస్ కట్టిన మెదీనత్ హబు, నడుమ రెండో రామ్సెస్ గుడి రామెస్సియం, కొండ పాదాన దైర్ అల్ బహ్రీలో హత్‌షెప్సుత్ గుడి. ఆ గుడి తూర్పుముఖం. వెనక కొండ గోడ కూడా తూర్పుకే తిరిగి ఉంది. కాబట్టి మొదటి ఎండ నేరుగా మెట్ల వరుసల మీద పడుతుంది. సూర్యోదయానికే ఎక్కడంలో అసలు లాభం ఇది. తొమ్మిదింటికి అదే కొండ తెల్లగా, చదునుగా కనిపిస్తుంది.

రాజుల లోయ మాత్రం కొండకు అవతల ఉంటుంది. సమాధులు నేలలోపల కాబట్టి పైనుంచి ద్వారాలు, బాటలు తప్ప పెద్దగా కనబడవు. కర్ణాక్, లక్సర్ గుళ్లు నదికి తూర్పున, దూరంగా ఉంటాయి.

బత్తాయి తోట:
ఎందుకు పొద్దుగాల్నే ఎగరేస్తరు? సాయంత్రం చల్లబడ్డంక ఎందుకు కాదు?

ఖిల్లా ఘణపురం:
మంచి ప్రశ్న అక్కా. రెండు కారణాలున్నాయి, గాలి ఒకటి, బరువు ఒకటి.

రాత్రంతా నేల చల్లబడి దానికి ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది. చల్లటి బరువైన గాలి కింద, కొంచెం వెచ్చటిది పైన. ఈ అమరిక కదలదు, కుదురుగా ఉంటుంది. ఎండ ఎక్కిన రెండు మూడు గంటలకు నేల వేడెక్కి గాలి బుడగలు బుడగలుగా పైకి లేవడం మొదలవుతుంది. అవి బెలూన్‌ను ఇష్టం వచ్చినట్టు ఎత్తి దించుతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెల్లవారుజామున నేల మీద ఆకు కదలకపోయినా నూటయాభై, రెండు వందల మీటర్ల పైన గాలి జోరుగా ఉండొచ్చు. ఎండ ఎక్కి పొరలు కలిసేసరికి ఆ జోరు నేలకు దిగుతుంది. ఎక్కినప్పుడు నిశ్శబ్దం, దిగేటప్పుడు ఈడ్పు. ఆలస్యంగా ఎగిరిన బెలూన్లకు దిగుడు గట్టిగా తగిలేది అందుకే. సాయంత్రం కూడా పొద్దుగూకే ముందు ఎగరేసే దేశాలున్నాయి. కానీ ఎండ దేశాల్లో అప్పటికి వేడి పూర్తిగా చల్లారదు. పైగా చీకటి పడేలోపు దిగాలన్న తొందర.

ఇక బరువు. 10 డిగ్రీల చల్లటి గాలి ఒక ఘనమీటరు 1.247 కిలోలు తూగుతుంది, 100 డిగ్రీలకు కాగిన గాలి 0.946 కిలోలు. తేడా 0.3 కిలో. అంటే ఘనమీటరుకు 300 గ్రాములు ఎత్తుతుంది. అదే బయట 30 డిగ్రీలుంటే ఆ గాలి బరువు 1.164 కిలోలే. అప్పుడు మిగిలేది 218 గ్రాములు. ఇరవై మందిని మోసే 8,500 ఘనమీటర్ల బెలూన్‌కు ఈ లెక్కన పదికీ ముప్పైకీ మధ్య తేడా దాదాపు 700 కిలోలు. పది మంది బరువు! లోపలి వేడిని ఇంకా పెంచుదామంటే పైభాగం నైలాన్ గుడ్డ పాడవుతుంది. తయారీదారు పెట్టిన హద్దు దాటకూడదు. ఆ హద్దు చూపే పట్టీ లోపల కుట్టి ఉంటుంది, వేడి మించితే అది రాలిపడుతుంది. అందుకే డిసెంబర్ పొద్దు, మే పొద్దు ఒకటి కావు.

ఇవి సముద్రమట్టపు లెక్కలు. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ ఇంకో ఐదు శాతం కోసుకోవాలి.

కోయిలకొండ మెట్లు:
అందుకే బరువులు అడుగుతరు. కొందరు మొహమాటపడి పది కిలోలు తక్కువ చెప్తరు, అట్ల చెయ్యొద్దు. బుట్ట లోపల గదులు గదులుగ ఉంటది, నడుమ పైలట్, సిలిండర్లు. ఏ గదిలో ఎంత బరువు పెట్టాల్నో అతను ముందే లెక్కేస్తడు. ఒక దిక్కు బరువైతే దిగేటప్పుడు బుట్ట వంకరగ తాకుతది. పదకొండు మంది ఒక్క గదిలో పట్టరు. ఎవరు ఎవరితో ఉండాల్నో ముందే అనుకోండి, ముఖ్యంగ పిల్లగాని పక్కన పెద్దమనిషి.

ఎక్కేది ఎట్లనో కూడా చెప్త. బుట్ట అంచు దాదాపు మనిషి రొమ్ము కింది దాకా వస్తది, మీటరు పైచిలుకు. తలుపుండదు. పక్కల కాలు పెట్టుకునే బొక్కలుంటయి, వాటిల్ల అడుగేసి అంచు మీదికెల్లి లోపలికి దుంకాలె. గంటసేపు నిలబడే ఉండాలె, కూసునే జాగ ఉండదు. దిగేటప్పుడు మోకాళ్లు వంచి అదురును ఆపుకోవాలె. అందుకే గర్భిణులను, ఈ మధ్య ఆపరేషన్ అయినోళ్లను, తుంటి, మోకాలు, వెన్ను గట్టిగ లేనోళ్లను ఎక్కించుకోరు. మోకాలి చిప్ప మారి ఐదు నెలలైన అమ్మ సంగతి అయితే ఎక్కకపోవుడే మంచిది, వాళ్లు సరే అన్నా కూడ. డాక్టర్ నడవమన్నడంటే మూడడుగుల ఎత్తుకెల్లి వచ్చే అదురు ఓర్వొచ్చని కాదు. ఐదేండ్ల పిల్లగాడు కూడ కాదు. అంచు మీదికెల్లి చూడలేడు, బుట్ట పక్కకు ఒరిగితే పెద్దల కింద పడ్తడు. తొమ్మిదేండ్ల పిల్లకు ఎత్తు హద్దు ఎంతనో అడుగున్రి.

ఎడమ కాల్వ:
ప్రమాదాల గురించి సూటిగా మాట్లాడుకుందాం. 2013 ఫిబ్రవరి 26న ఇదే లక్సర్‌లో దిగే సమయంలో ఇంధనం లీకై మంటలంటుకున్నాయి. బెలూన్ తిరిగి పైకి లేచి, ఎత్తు నుంచి కూలింది. 21 మందిలో 19 మంది చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. భయపెట్టడానికి కాదు, ఏం అడగాలో తెలియడానికి రాస్తున్నాను.

న్యూజిలాండ్‌లోని కార్టర్‌టన్‌లో 2012 జనవరిలో 11 మంది, అమెరికా టెక్సస్‌లోని లాక్‌హార్ట్‌లో 2016 జులైలో 16 మంది చనిపోయారు. ఈ రెండూ కరెంటు తీగలే. కార్టర్‌టన్‌లో తీగలకు దగ్గరైనప్పుడు పైకెక్కి తప్పించుకోవాలని చూశారు. బెలూన్ బర్నర్‌కు వెంటనే స్పందించదు. మంట కొట్టాక ఆ వేడికి లేవడానికి చాలా సెకన్లు పడుతుంది. తీగలు తప్పవనుకున్నప్పుడు నేర్పిన పద్ధతి దీనికి తలకిందులు: పై మూత పూర్తిగా లాగి వేగంగా కిందికి రావాలి, సిలిండర్ల గ్యాస్ ఆపేయాలి, తీగ తగిలితే గుడ్డకు తగలాలి తప్ప బుట్టకు, బర్నర్ ఇనుప చట్రానికి కాదు. తగులుకున్నాక ఎవరూ దిగకూడదు, కింద వాళ్లు బుట్టను ముట్టకూడదు, కరెంటు తీసేదాకా.

ప్రయాణికులుగా మీరు అడగగలిగినవి ఇవి: పైలట్‌కు బెలూన్ లైసెన్సు, వాణిజ్య ప్రయాణాలకు అర్హత ఉందా. ఎక్కేముందు దిగే భంగిమ ప్రతి ఒక్కరితో చేయించి చూపిస్తారా. కింద వెంట వచ్చే బండికీ పైలట్‌కూ రేడియో ఉందా. బుట్టలో మంటలార్పే డబ్బా, మంట తగలని దుప్పటి ఉన్నాయా. భంగిమ చేయించకుండా ఎక్కండి ఎక్కండి అని తోసేవాళ్లను వదిలేయండి, కట్టిన డబ్బు పోయినా సరే.

ఖిల్లా ఘణపురం:
ఎడమ కాల్వ గారు సరిగ్గా చెప్పారు. ఇంకోటి చేర్చాలి. పొద్దున్నే మైదానంలోకి పోగానే అక్కడి మనుషులు ఏం చేస్తున్నారో చూడండి. మంచి జట్టు ముందుగా హీలియం నింపిన చిన్న బుడగను వదిలి, దాని వెంట చూపు నిలిపి, ఏ ఎత్తులో ఏ దిక్కుకు పోతుందో గమనిస్తుంది. నేల మీద గాలి గంటకు 18 కిలోమీటర్లకు దగ్గరైతే వాణిజ్య బెలూన్లు మామూలుగా ఎగరవు. చాలామంది అంతకన్నా తక్కువకే ఆపేస్తారు.

తర్వాత గుడ్డను నేల మీద పొడవుగా పరిచి, బుట్టను పక్కకు పడుకోబెట్టి, పెట్రోల్ ఫ్యాన్‌తో చల్లగాలి నింపుతారు. ముక్కాలు భాగం ఉబ్బాక లోపలికి మంట కొడతారు, అప్పుడు లేస్తుంది. నెత్తి దగ్గర కట్టిన తాడును ఒకరు బలంగా పట్టుకొని నిదానంగా వదులుతారు, లేకపోతే ఒక్కసారిగా నిలబడి ఊగుతుంది. మూతి చుట్టూ ఉన్న గుడ్డ నైలాన్ కాదు, మంటకు తట్టుకునే నోమెక్స్. ఈ సమయంలో ఫ్యాన్‌కు, తాళ్లకు దూరంగా ఉండాలి. ఫొటో కోసం మూతి ముందుకు పోవద్దు.

దిగేటప్పుడు పైలట్ చెప్పగానే: కెమెరా, ఫోన్ సంచిలో వేసుకోవాలి. పోతున్న దిక్కుకు వీపు పెట్టి, వీపును బుట్ట గోడకు ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి, ఎదుట ఉన్న తాడు పిడులను రెండు చేతులా పట్టుకోవాలి. చేతులు బయట పెట్టకూడదు, సిలిండర్ గొట్టాలను పట్టుకోకూడదు. గాలి ఉంటే బుట్ట పక్కకు పడి కొన్ని మీటర్లు ఈడుస్తుంది. అది ప్రమాదం కాదు, అలాగే జరుగుతుంది. ప్రమాదమయ్యేది నేల తాకగానే ఒకరు దూకితే. డెబ్బై కిలోలు తగ్గిన బెలూన్ మిగతా వాళ్లతో మళ్లీ లేస్తుంది. పైలట్ పేరు పెట్టి పిలిచి దిగమన్నాకే దిగాలి.

ఏటిగడ్డ గద్వాల:
బట్టల సంగతి. పొద్దున్నే లక్సర్ మైదానంలో పది డిగ్రీలు, అంతకన్నా తక్కువ కూడా ఉండొచ్చు. పైన మాత్రం బర్నర్ నెత్తి మీదే మండుతుంది కాబట్టి చలి తెలియదు. గాలితోపాటే పోతాం కాబట్టి ముఖానికి గాలి కొట్టదు. నూలు చొక్కా, దాని మీద తీసేయగల స్వెట్టర్. సింథటిక్ చీరలు, దుపట్టాలు వద్దు. అంచు ఎక్కడానికి చీర కన్నా చుడీదారు వీలు. నెత్తికి నూలు టోపీ లేదా తువ్వాల. పొడవైన మనుషులకు బర్నర్ వేడి బాగా తగులుతుంది. చెప్పులు కాదు, బూట్లే. దిగేది చెరకు మోళ్లు, తడి మట్టి ఉన్న పొలంలో కావచ్చు.

డ్రోన్ తీసుకుపోవద్దు. అనుమతి లేకుండా ఈజిప్టులోకి డ్రోన్ తేవడం నేరం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఫొటోలకు ఒకే లెన్సు చాలు, 24 నుంచి 105 మిల్లీమీటర్ల లాంటిది. గాలిలో లెన్సు మార్చే జాగా ఉండదు. సూర్యోదయానికి ముందు వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్‌ఓ 1600 దగ్గర పెట్టి, షట్టర్ సెకనుకు 250వ వంతు కన్నా నెమ్మది కాకుండా చూసుకోండి. బుట్ట మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. పక్కల ఉన్న చీలికలు తెరిచి పైలట్ తిప్పుతాడు, అందరి వంతూ వస్తుంది, తోసుకోనక్కర్లేదు. ఫోన్‌కు మెడతాడు తప్పనిసరి.

పానగల్ చెరువుకట్ట:
అందరికీ శనార్థులు, శానా ఉపయోగపడ్డది. ఇగ మన దిక్కు ముచ్చట చెప్పున్రి. నాగార్జునకొండ మీదుగ అయితే అందం మామూలుగ ఉండదు గద?

ఎడమ కాల్వ:
అందం నిజమే, కానీ అన్నిటికన్నా పనికిరాని చోటు అదే. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీద, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు ఆ కొండ ద్వీపం. చుట్టూ మైళ్లకొద్దీ నీళ్లు, నైరుతి దిక్కున నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. గాలి ఎటు తోసినా దిగే పొలం ఉండదు. చలికాలపు పొద్దు జలాశయం మీద పొగమంచు లేస్తే కింద ఏముందో కనబడదు. డ్యాం, జలవిద్యుత్ కేంద్రం, అక్కడి నుంచి బయల్దేరే పెద్ద లైన్లు ఉండనే ఉన్నాయి. ఇక్కడ పడవే సరైనది.

ఫణిగిరి బాట:
శిథిలం ఎంత గొప్పదో తర్వాత చూద్దాం. ముందు గాలి పోయే దిక్కున ఐదారు కిలోమీటర్లు దిగడానికి నేల ఉందా అన్నది చూడాలి. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి. అంటే గుట్టకు ఈశాన్యాన ఎక్కాలి, నైరుతిన దిగాలి. ఈ లెక్కన సూర్యాపేట దిక్కున్న ఫణిగిరి బాగుంటుంది: ఒంటి గుట్ట, దాని మీద బౌద్ధ స్తూపం, విహారాలు, చైత్యగృహాలు, చుట్టూ పొలాలు. పైనుంచి చూస్తే స్తూపం గుండ్రం, విహారాల గదుల వరుసలు గీసినట్టు కనబడతాయి. కింది నుంచి ఎక్కినవాళ్లకు ఆ ఆకారం ఒక్క చూపులో దొరకదు. బెలూన్‌కు ఇంతకన్నా తగిన శిథిలం మన దగ్గర లేదనే నా అభిప్రాయం.

దేవరకొండ ఖిల్లా పెద్దది, ఏడు గుట్టలను కలుపుతూ గోడలున్నాయి, పైనుంచి ఆ గోడల వరుస అద్భుతం. కానీ గుట్టలకు గాలి తగిలి అవతలి పక్క సుడులు తిరుగుతుంది. గుట్ట ఎత్తుకు బాగా పైన దాటాలి, దాటాక వెంటనే దిగకూడదు. రాచకొండ అడవి, లోయలు, వద్దనే వద్దు. పానగల్లులో పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం చక్కగా ఉన్నా, పక్కన ఉదయసముద్రం, అవతల నల్లగొండ పట్నం. తూర్పు గాలికి నేరుగా ఇండ్ల మీదికి పోతారు.

బత్తాయి తోట:
పొలాల సంగతి పైనుంచి చూసేటోళ్లకు తెల్వదు, చెప్త. నల్లగొండ పక్క బోర్ల సాగు. ప్రతి రెండు మూడు చెలకలకు ఒక ట్రాన్స్‌ఫార్మర్, వంగిన స్తంభాలు, కిందికి జారిన మోటారు తీగలు. పొద్దున ఎండ ఏటవాలుగ పడ్తున్నప్పుడు తీగ కనబడదు, స్తంభమే కనబడ్తది. తీగను కాదు, స్తంభాల వరుసను వెతకాలె. దామరచర్ల దిక్కు యాదాద్రి థర్మల్ కరెంటు లైన్లు, సాగర్ లైన్లు వేరే. తోటలల్ల దిగితే చెట్లు, డ్రిప్పు పైపులు రెండూ పోతయి.

కాలం గూడ చూడున్రి. వానకాలం వరి కోతలు నవంబర్‌ల అయిపోతయి. యాసంగి నాట్లకు పొలం తడిపేదాకా వరి మోళ్లు ఎండి గట్టిగ ఉంటయి. అంటే నవంబర్ ఆఖరు నుంచి జనవరి మొదటి వారాల దాకా, అంతే. తర్వాత మడి నిండ నీళ్లు, బండి గూడ పోదు. పత్తి అప్పటికి ఇంకా ఏరుతనే ఉంటరు. పత్తి చేన్ల బుట్ట ఈడిస్తే ఆ రైతుకు నష్టం ఎవరిస్తరు? దిగంగనే రైతును కలిసి, చూపించి, అక్కడికక్కడ కట్టియ్యాలె. ముందే ఊర్లె చాటింపు వేయించి, సర్పంచుతోని మాట్లాడి, పసులు బెదరకుండ చూసుకోవాలె. బర్నర్ చప్పుడుకు బర్లు పలుపు తెంపుకుంటయి. కోళ్ల షెడ్ల మీదికెల్లి కింది ఎత్తులో అస్సలు పోవద్దు, కోళ్లు ఒక్క మూలకు కుప్పపడి ఊపిరాడక చస్తయి.

ఏటిగడ్డ గద్వాల:
గద్వాల దిక్కు విత్తన పత్తి ఉంటుంది, అది ఇంకా ఖరీదైన పంట. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు పైనుంచి చూడదగ్గవే. కానీ పక్కనే తుంగభద్ర, కొంత దూరంలో కృష్ణతో సంగమం. నది దాటితే వెంట వచ్చే బండి వంతెన చుట్టూ తిరిగి రావాలి, అప్పటిదాకా బెలూన్ జనం ఒంటరి. అక్కడ కట్టేసి ఎగరేసే బెలూన్ పెడితే నయం అనిపిస్తుంది, గాలి ఉన్నా తాడుంటుంది కదా.

ఖిల్లా ఘణపురం:
అన్నా, ఇక్కడ చాలామంది పొరబడతారు. కట్టేసిన బెలూన్‌కు గాలి ఓర్పు ఇంకా తక్కువ. విడిచినది గాలితోపాటు పోతుంది కాబట్టి దానికి గాలి తగలదు. కట్టినదాన్ని గాలి పక్కనుంచి గుద్దుతుంది, గుడ్డ చెంచాలా లోపలికి నొక్కుకుపోతుంది, వేడి గాలి మూతి గుండా బయటికి పోతుంది, బర్నర్ మంట గుడ్డకు తగలొచ్చు, బెలూన్ ఒరిగి కిందికి కొట్టుకుంటుంది. అందుకే గాలి దాదాపు లేనప్పుడే, మూడు వైపులా బరువైన బండ్లకు తాళ్లు కట్టి, ఇరవై ముప్పై మీటర్లకు మించకుండా ఎత్తాలి. ఎండ ఎక్కేలోపు దించేయాలి. అలంపురంలో కట్టేసి ఎత్తడం కుదురుతుంది, గుళ్లకు తగినంత దూరంలో ఖాళీ జాగా దొరికితే. గుళ్లన్నీ ఒకచోటే ఉన్నాయి కాబట్టి పాతిక మీటర్ల నుంచి కూడా శిఖరాల వరుస కనబడుతుంది.

కోయిలకొండ మెట్లు:
గ్యాస్ ముచ్చట ఎవరూ ఎత్తలె. బెలూన్‌కు కావల్సింది ప్రొపేన్. మన వంటగ్యాస్‌ల బ్యూటేన్ ఎక్కువ. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల కిందనే మరుగుతది, బ్యూటేన్ సున్నా దగ్గర. 15 డిగ్రీల పొద్దుకు ప్రొపేన్ సిలిండర్‌ల ఒత్తిడి 7 బార్ దాటి ఉంటది, బ్యూటేన్‌ది 2 బార్ గూడ ఉండదు. ఒత్తిడి తక్కువైతే మంట పొట్టిగ వస్తది, ఆపదల లేపుదామంటే లేవదు. గందుకే ఇసొంటి గ్యాస్ వాడేటోళ్లు సిలిండర్‌కు నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి పెంచుతరు. మన దగ్గర ఎవరన్న నడిపితే గ్యాస్ ఏందని, నైట్రోజన్ ఎక్కిస్తరా అని తప్పకుండ అడగాలె. నలుగురిని మోసే చిన్న బెలూన్‌కే గంటకు 50–60 లీటర్లు పడ్తది. దిగేటప్పటికి నిల్వ మిగిలే ఉండాలె, చివరి సిలిండర్ మీద దిగే జాగ వెతుకుడు పనికిరాదు.

ఫణిగిరి బాట:
అనుమతులు కూడా. మన చట్టం ప్రకారం బెలూన్ ఒక విమానం లెక్కే. దానికి డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) నమోదు ఉండాలి, "వీటీ" అక్షరాలతో మొదలయ్యే గుర్తు గుడ్డ మీదో బుట్ట మీదో కనబడాలి. పైలట్‌కు బెలూన్ లైసెన్సు వేరే ఉంటుంది, విమానం నడిపే లైసెన్సు సరిపోదు. పాలమూరు ఉత్తరపు కొస శంషాబాద్ విమానాల దారికి దగ్గర కాబట్టి అక్కడి నియంత్రణ కేంద్రంతో ముందే మాట్లాడుకోకుండా లేవడానికి లేదు. ఊర్లలో జాతరలప్పుడు ఎవరో బెలూన్ తెచ్చి మనిషికింత అని ఎక్కిస్తుంటే ముందు ఈ గుర్తు చూడండి.

బత్తాయి తోట:
అప్పుడప్పుడు మన చేన్లల్ల పడే పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఇవేనా?

ఫణిగిరి బాట:
కాదక్కా. అవి హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) కేంద్రం నుంచి వదిలే పరిశోధన బెలూన్లు. పల్చటి పాలిథిన్, లోపల హైడ్రోజన్, 30 కిలోమీటర్ల పైకి పోతాయి, పరికరాలు మాత్రం పారాచూట్‌తో దిగుతాయి. వాటిని ముట్టుకోవద్దు, విప్పొద్దు. పెట్టె మీద రాసిన నంబరుకో పోలీసులకో చెప్పాలి.

పానగల్ చెరువుకట్ట:
ఆఖరుగ ఒక్కటి. మోకాలి అమ్మ, చిన్న పిల్లగాడు ఎక్కకపోతే వాళ్లతోని ఇంకొకరు ఆగాలె. వాళ్లు ఎక్కడుంటే మంచిది?

కోయిలకొండ మెట్లు:
హోటల్‌ల ఉంచకున్రి, పడవ మీద అవతలి ఒడ్డుకు తీసుకపోండి. మెమ్నోన్ విగ్రహాల దగ్గర రోడ్డు పక్కనే బండి ఆపుకోని చూడొచ్చు, మెట్లు ఎక్కే పని లేదు. బెలూన్లు లేచేది అక్కడికెల్లి బాగ కనబడ్తది. బెలూన్ ఎక్కడ దిగుతదో ముందు తెల్వది కాబట్టి, దిగినంక కలుసుకునే చోటు మెదీనత్ హబు గేటు అని ఇప్పుడే ఖరారు చేసుకోండి. ఫోన్ పైన పలుకకపోవచ్చు. ఎనిమిది మంది బరువులు బూట్లు, సంచులతోని సహా తూచి, బుకింగ్‌తోనే రాసి పంపున్రి.